మన మూడు ఊళ్ళు చెప్పే డి.ఎన్.ఏ. పాఠం



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం హాస్టళ్ళలో ఉండి చదువుకున్న పూర్వ విద్యార్థులం కొందరం కూర్చుని ఆలోచించాం. టెన్త్‌లోనూ ఇంటర్‌లోనూ మేమంతా బట్టీపట్టి, పరీక్ష రాసి మరచిపోయిన పాఠం ఒకటుంది. అదే జీవపరిణామం. అది డైనోసార్ల కాలం నాటి సంగతి అనీ, ఎక్కడో గలాపగోస్ దీవుల్లోని పిట్టల సంగతి అనీ అనుకునేవాళ్ళం. అది మన పడమటి మండలాల్లోనే, మన కళ్ళ ముందే, ఒక్కోసారి మన గది లోపలే జరుగుతుందని మాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే తెలియాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

నోట్సు ఎత్తి రాసుకున్నట్టే

ప్రతి జీవి కణంలోనూ డి.ఎన్.ఏ. ఉంటుంది. అది నాలుగే అక్షరాలతో రాసిన పొడవైన రాత. ఆ అక్షరాలు ఎ, టి, జి, సి. మనిషి రాతలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. ఆవు రాతలో 270 కోట్లకు పైగా ఉంటాయి. క్షయ (టి.బి.) కలిగించే సూక్ష్మజీవి రాతలో 44 లక్షలే. ఒక జీవిలోని మొత్తం రాతను జీనోమ్ అంటారు. కణం రెండుగా చీలే ప్రతిసారీ ఈ రాత అంతటికీ నకలు తయారవుతుంది. నకలు తీసేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం మారిపోతుంది, లేదా ఒక ముక్క జారిపోతుంది. దీన్నే మన పుస్తకాలు ఉత్పరివర్తనం అంటాయి.

దీన్ని అర్థం చేసుకోవడానికి మన హాస్టల్ స్టడీ అవరే చాలు. ఒకరి నోట్సు ఒకరం ఎత్తి రాసుకుంటాం కదా! ఈ నాలుగు వాక్యాలు చూడండి.

అసలు నోట్సు: రాము బడికి నడిచి పోయెను.
మొదటి నకలు: రాము గుడికి నడిచి పోయెను.
రెండో నకలు: రాము గుడికి పోయెను.
మూడో నకలు: సోము బడికి నడిచి పోయెను.

ఎవరు ఎవరిది చూసి రాశారో సార్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. మొదటి నకలులోనూ రెండో నకలులోనూ ‘గుడి’ అనే ఒకే తప్పు ఉంది కాబట్టి ఆ రెండూ ఒక కుదురుకు చెందినవి. రెండో నకలులో ‘నడిచి’ అనే మాటే లేదు. దాన్ని చూసి రాసినవాడికి ఆ మాట మళ్ళీ దొరకదు. కాబట్టి మొదటి నకలుకు రెండోది మూలం కాలేదు. ఇక అసలు నోట్సులోనూ మూడో నకలులోనూ ‘బడి’ ఉంది. అయినా అది పాత మాట అలాగే మిగిలిపోవడమే. దాన్నిబట్టి చుట్టరికం తేల్చకూడదు.

దీని నుంచి మూడు సూత్రాలు రాసుకుందాం.
1. ఒకే కొత్త మార్పు ఇద్దరిలో కనిపిస్తే, వాళ్ళకు ఉమ్మడి మూలం ఉందని అనుకోవచ్చు.
2. పాతది అలాగే మిగలడం చుట్టరికానికి రుజువు కాదు.
3. జారిపోయిన పెద్ద ముక్క తిరిగి రాదు. అది లేనిది, అది ఉన్నదానికి మూలం కాదు.

డి.ఎన్.ఏ. చదివి జీవుల వంశవృక్షం గీసే శాస్త్రజ్ఞులకు ఆధారం ఈ సూత్రాలే. లెక్కలు కంప్యూటర్లు చేస్తాయి, తర్కం మాత్రం ఇదే.

కుప్పం: మాటల్లో వంశవృక్షం

కుప్పానికి ఒక వైపు తమిళనాడు, మరో వైపు కర్ణాటక. సంతకు పోతే మూడు భాషలూ వినిపిస్తాయి. అక్కడ 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. డి.ఎన్.ఏ. సంగతి తెలియకముందే భాషావేత్తలు మాటలతో ఇదే పని చేశారు.

మనం పాలు అంటాం, తమిళులు పాల్ అంటారు, కన్నడిగులు హాలు అంటారు. మన పులి తమిళంలోనూ పులియే, కన్నడంలో హులి. మన పది తమిళంలో పత్తు, కన్నడంలో హత్తు. మాట మొదట్లోని ‘ప’ కన్నడంలో ‘హ’గా మారింది. పాత కన్నడ శాసనాల్లో ‘ప’యే ఉండేది, తరవాత కాలంలో మారింది.

ఇది చూసి, ‘తెలుగు, తమిళం రెండింటిలోనూ ప ఉంది కాబట్టి అవి దగ్గరి చుట్టాలు, కన్నడం దూరపు చుట్టం’ అని తేల్చేస్తామేమో! అది తప్పు. రెండో సూత్రం గుర్తు చేసుకోండి. ‘ప’ నిలవడం పాతది మిగలడమే. భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషావేత్తలు కొత్త మార్పులను పోల్చి చూసి, తమిళం, కన్నడం ఒక కొమ్మలోవని, తెలుగు గోండి, కువి భాషలున్న దక్షిణ-మధ్య కొమ్మలోదని తేల్చారు. పైకి కనిపించే పోలిక వేరు, వంశం వేరు. ఈ జాగ్రత్త డి.ఎన్.ఏ. విషయంలోనూ అవసరం.

పుంగనూరు: చిన్న మంద, పెద్ద పాఠం

పుంగనూరు ఆవును చూడనివాళ్ళు మనలో తక్కువ. మూడడుగుల అటూ ఇటూ ఎత్తు. ప్రపంచంలోని అతి పొట్టి పశుజాతుల్లో ఒకటి. తక్కువ మేతతో, మెట్ట ప్రాంతంలో బతకగలదు. ఇది ఎలా వచ్చింది? మన ప్రాంతపు రైతులు తరతరాలుగా తమకు పనికొచ్చే పశువులను ఉంచుకున్నారు, వాటి దూడలనే పెంచారు. మార్పు దానంతట అది వచ్చింది, ఎంపిక మనిషి చేశాడు.

దీని మూపురం చూడండి. జెర్సీకి మూపురం ఉండదు. మూపురం ఉన్న పశువులను సుమారు 8,000 ఏళ్ళ క్రితం సింధు ప్రాంతంలో మచ్చిక చేశారు. మూపురం లేనివాటిని అంతకు ముందే పశ్చిమాసియాలో మచ్చిక చేశారు. ఈ రెండు రకాల అడవి పూర్వీకులు అంతకు లక్షల ఏళ్ళ ముందే విడిపోయాయని డి.ఎన్.ఏ. చెబుతోంది. ఆవు జీనోమ్ మొదటిసారి 2009లో అచ్చయింది. అది హెర్‌ఫర్డ్ అనే విదేశీ జాతి ఆవుది. అందులో కనీసం 22,000 జన్యువులు లెక్కకు వచ్చాయి.

విదేశీ జాతులతో సంకరం పెరిగాక, అసలు పుంగనూరు ఆవులు బాగా తగ్గిపోయాయి. పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం ఈ జాతిని కాపాడుతూ వస్తోంది. మంద చిన్నదైతే ఏమవుతుంది? ఒక మంచి జన్యువు ఒకే ఒక్క ఆబోతులో మిగిలిందనుకోండి. అది దూడలు పుట్టకుండా చనిపోతే ఆ జన్యువు మందలో మరి ఉండదు. ఆ జన్యువు చెడ్డది కాదు, అదృష్టం బాగాలేదు అంతే. పెద్ద మందలో ఇలా జరగడం అరుదు, చిన్న మందలో తరచు జరుగుతుంది. పైగా చిన్న మందలో దగ్గరి చుట్టాలే జతకడతాయి. దానివల్ల తల్లి వైపు నుంచి, తండ్రి వైపు నుంచి ఒకే లోపం దూడకు చేరే అవకాశం పెరుగుతుంది. మేనరికాల గురించి డాక్టర్లు హెచ్చరించేది కూడా ఇందుకే.

ఆవు నుంచి మనిషికా?

పశువులకు కూడా క్షయ వస్తుంది. పచ్చిపాల ద్వారా అది మనుషులకూ సోకవచ్చు. అందుకే పాలు కాచి తాగాలి. మనిషి పశువులను మచ్చిక చేసినప్పుడు వాటి నుంచే క్షయ మనకు అంటుకుందని చాలాకాలం అనుకున్నారు. మేమూ అలాగే విన్నాం.

మనిషి క్షయ సూక్ష్మజీవి జీనోమ్ 1998లో చదివారు. పశువుల క్షయ సూక్ష్మజీవి జీనోమ్ 2003లో అచ్చయింది. రెండోదానిలో దాదాపు 66 వేల అక్షరాలు తక్కువ. మనిషి రకంలో ఉన్న ముక్కలు కొన్ని పశువుల రకంలో జారిపోయాయి. ఇప్పుడు మూడో సూత్రం వేయండి. జారిన ముక్క తిరిగి రాదు కాబట్టి, మనిషి రకానికి పశువుల రకం మూలం కాలేదు. రెండూ ఒకే పాత మూలం నుంచి వచ్చాయి, ఎక్కువ ముక్కలు పోగొట్టుకున్నది పశువులదే. ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు 2002లో ఈ తర్కంతోనే పాత నమ్మకాన్ని తారుమారు చేశారు. పాపం ఆవు మీద నింద అలా తొలగిపోయింది!

దక్షిణ భారతదేశంలో ఎక్కువగా కనిపించే క్షయ రకంలో సుమారు 2,000 అక్షరాల ముక్క ఒకటి ఇంకా పదిలంగా ఉంది. ఉత్తర భారతంలో ఎక్కువగా కనిపించే రకంలో అది జారిపోయింది. రెండింటిలో ఏది దేనికి మూలం కాలేదో మీరే చెప్పండి.

మదనపల్లె: భుజం మీది మచ్చ

మదనపల్లె ఊరి బయట ఆరోగ్యవరం ఉంది. క్షయ రోగుల కోసం వందేళ్ళ క్రితమే అక్కడ శానిటోరియం వెలిసింది. మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, విశ్రాంతి, బలమైన తిండి, ఇవే వైద్యం. మన దేశంలో బి.సి.జి. టీకాలు 1948లో మొదలయ్యాయి. 1950 నుంచి ఆరోగ్యవరం వైద్యులు మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి, క్షయ ఎందరికి ఉందో, టీకా ఎంతవరకు కాపాడుతుందో ఏళ్ళ తరబడి పరిశీలించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ఆ వివరాలు అచ్చయ్యాయి. అంటే మన తాతలు, అవ్వలు చెయ్యి చాపి ఇచ్చిన సమాచారం ప్రపంచానికి పాఠమైంది.

మీ ఎడమ భుజం మీద చిన్న గుండ్రటి మచ్చ ఉందా? అది బి.సి.జి. టీకాది. ఆ మచ్చ వెనుక కూడా జీనోమ్ మారిన కథే ఉంది. ఫ్రాన్స్‌లో కాల్మెట్, గెరిన్ అనే ఇద్దరు 1908లో పశువుల క్షయ సూక్ష్మజీవిని తీసుకుని బంగాళాదుంప ముక్కల మీద పెంచడం మొదలుపెట్టారు. సుమారు మూడు వారాలకొకసారి కొత్త ముక్క మీదికి మార్చారు. 1921 నాటికి 230 సార్లు మార్చారు. ఊపిరితిత్తిలో బతకనక్కరలేని చోట, రోగం తెచ్చే ముక్క పోయినా సూక్ష్మజీవికి నష్టం లేకపోయింది. దాదాపు 9,500 అక్షరాల ముక్క జారిపోయింది. సూక్ష్మజీవి మెత్తబడి టీకా అయింది. ఏ ముక్క జారిందో శాస్త్రజ్ఞులకు తెలిసింది మాత్రం 1990లలోనే. ఆ టీకా చంటిబిడ్డలను క్షయ ముదిరి మెదడుకు పాకకుండా బాగా కాపాడుతుంది. పెద్దవాళ్ళకు వచ్చే ఊపిరితిత్తుల క్షయను మాత్రం అంతగా ఆపలేదు. కాబట్టి మచ్చ ఉంది కదా అని ధీమా పనికిరాదు.

ఒక్క అక్షరం మారితే

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. మా గదిలో మాతో చదివిన ఒకతనికి క్షయ వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితంగా ఇచ్చారు. రెండు నెలలకు దగ్గు పోయింది, ఒళ్ళు వచ్చింది. అతను మాత్రలు మానేశాడు. తరవాత అప్పుడప్పుడూ వేసుకున్నాడు, మళ్ళీ మానేశాడు. ఎందుకు మానాడో మాకు తెలుసు. అతనికి జబ్బు అని తెలిసిన రోజు మేము మా కంచాలు పక్కకు జరుపుకున్నాం. నీళ్ళ బిందె దగ్గర అతని గ్లాసు వేరుగా పెట్టాం. అతను మాత్రలు ట్రంకుపెట్టె అడుగున, బట్టల కింద దాచుకునేవాడు. కంచం వేరుగా పెట్టడం అంటే ఏమిటో మన ఇళ్ళకు తెలుసు. అది తెలిసి కూడా మేము ఆ పనే చేశాం. క్షయ గాలి ద్వారా వస్తుంది, కంచాల ద్వారా రాదు. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు.

అతని ఊపిరితిత్తిలో ఏం జరిగి ఉంటుందో లెక్క వేద్దాం. పుండు పడిన ఊపిరితిత్తిలో 10 కోట్ల సూక్ష్మజీవులు ఉన్నాయనుకోండి. ఇది ఎక్కువేమీ కాదు. ఐసోనియాజిడ్ అనే మందుకు లొంగనిది, ఏ మందూ వేయకముందే, 10 లక్షల్లో ఒకటి ఉంటుంది. అంటే 10 కోట్లలో 100. రిఫాంపిసిన్‌కు లొంగనిది 10 కోట్లలో ఒకటి ఉంటుంది. మందు వల్ల ఈ మార్పులు రాలేదు. నకలులో తప్పుగా అవి అంతకు ముందే వచ్చి ఉన్నాయి.

ఒక్క ఐసోనియాజిడ్ మాత్రమే ఇస్తే? మిగతావన్నీ చస్తాయి, ఆ 100 బతుకుతాయి. ఖాళీ అయిన చోటంతా వాటి సంతానమే నిండుతుంది. స్ట్రెప్టోమైసిన్ కొత్తగా వచ్చినప్పుడు ఇదే జరిగింది. 1948లో బ్రిటన్‌లో అచ్చయిన పరీక్షలో రోగులు మొదట కోలుకున్నారు. కొన్ని నెలలకు చాలామందిలో ఆ మందుకు లొంగని సూక్ష్మజీవులు పెరిగాయి.

రెండు మందులూ కలిపి ఇస్తే? రెండింటికీ లొంగనిది తనంతట తాను పుట్టాలంటే 10 లక్షలను 10 కోట్లతో హెచ్చవేయాలి. కోటి కోట్లలో ఒకటి. ఊపిరితిత్తిలో ఉన్నవి 10 కోట్లే. అంటే పది లక్షల రెట్లు తక్కువ. అందుకే ఒకేసారి నాలుగు మందులు ఇస్తారు. పొడుగాటి పేర్లు చూసి భయపడకండి, అవి ఈ హెచ్చవేతలోని అంకెలు. మొదటి రెండు నెలల్లో చాలా సూక్ష్మజీవులు చస్తాయి, అందుకే దగ్గు పోతుంది. మెల్లగా పెరిగేవి, నిద్రలో ఉన్నట్టుండేవి మిగులుతాయి. వాటి కోసమే మిగతా నాలుగు నెలలు. సగంలో మానితే అవి మళ్ళీ పెరుగుతాయి. వేస్తూ, మానుతూ, ఒకటి వేసి ఒకటి వదిలేస్తూ ఉంటే, ఒక్కో మందుకు లొంగనివి ఒక్కో విడతలో ముందుకు వస్తాయి. చివరికి అన్నిటికీ లొంగని రకం తయారవుతుంది.

ఆ మార్పు ఎంత చిన్నదో చూడండి. రిఫాంపిసిన్ వెళ్ళి అంటుకునే ప్రోటీన్ జన్యువులో 450వ మాట ‘టి-సి-జి’. మధ్యలోని సి పోయి టి వస్తే ‘టి-టి-జి’ అవుతుంది. సెరీన్ ఉండాల్సిన చోట ల్యూసీన్ వస్తుంది. మందు అక్కడ పట్టు దొరక్క జారిపోతుంది. 44 లక్షల అక్షరాల్లో ఒకే ఒక్క అక్షరం. బడి గుడి అయినట్టే.

ఈ జ్ఞానం ఇప్పుడు మనకు ఆయుధమైంది. ఆసుపత్రుల్లో సీబీనాట్, ట్రూనాట్ అనే పరీక్షలు చేస్తారు. రిఫాంపిసిన్‌కు లొంగని మార్పుల్లో చాలా వరకు ఆ జన్యువులో 81 అక్షరాల చోటులోనే వస్తాయి. యంత్రం తెమడలోని సూక్ష్మజీవిలో ఆ చోటును పరీక్షించి, కొద్ది గంటల్లోనే చెబుతుంది. జీనోమ్ మొత్తం చదివితే ఇంకొకటి తెలుస్తుంది. క్షయ సూక్ష్మజీవి జీనోమ్‌లో సగటున రెండేళ్ళకు ఒక అక్షరం మారుతుందని 2013లో అచ్చయిన బ్రిటన్ అధ్యయనం లెక్కగట్టింది. ఇద్దరు రోగుల సూక్ష్మజీవుల మధ్య తేడా ఐదు అక్షరాలకు మించకపోతే అది ఇటీవలే ఒకరి నుంచి ఒకరికి పాకి ఉండవచ్చు. పన్నెండు దాటితే కాదు. నోట్సు ఎవరిది చూసి రాశారో సార్ పట్టేసినట్టే! ఇది ఎవరినో తప్పుపట్టడానికి కాదు, గొలుసు ఎక్కడ తెంచాలో తెలుసుకోవడానికి.

మా స్నేహితుడికి రెండోసారి మందులు ఎక్కువ కాలం వాడాల్సి వచ్చింది. ఒక ఏడాది చదువు పోయింది. అయినా పూర్తిగా వాడాడు, బాగయ్యాడు. ఈ వ్యాసానికి కూర్చున్న వాళ్ళలో అతనూ ఉన్నాడు. తన సంగతి రాయమన్నది కూడా అతనే.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మార్పును మనం ఆపలేం. అది నకలులో తప్పుగా వస్తూనే ఉంటుంది. ఏ మార్పు నిలవాలో, ఏది పోవాలో చాలాసార్లు మన చేతుల్లోనే ఉంటుంది. పుంగనూరులో రైతు ఏ దూడను ఉంచుకున్నాడో, మందులో ఎన్ని రోజులు మానేశామో, పక్క మంచం వాడితో ఎలా ఉన్నామో, ఇవన్నీ పరిణామాన్ని నడిపేవే. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే వార్డెన్ సార్‌కు చెప్పండి, తెమడ పరీక్ష చేయించుకోండి. పరీక్ష, మందులు ఉచితం. 2024 నవంబరు నుంచి పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు రోగి ఖాతాలో వేస్తున్నారు. మందు మొదలుపెట్టాక రోజులు లెక్కపెట్టి పూర్తి చేయండి. స్నేహితుడికి జబ్బు చేస్తే గది కిటికీ తెరవండి. కంచం మాత్రం జరపకండి.

ఆలోచించండి
1. తెలుగులోనూ తమిళంలోనూ ‘ప’ ఉన్నంత మాత్రాన అవి దగ్గరి చుట్టాలని ఎందుకు చెప్పలేం?
2. మనిషి క్షయ పశువుల క్షయ నుంచి రాలేదని ఏ సూత్రంతో తేల్చారు?
3. మూడో మందుకు లొంగనిది 10 లక్షల్లో ఒకటి ఉంటే, మూడు మందులకూ లొంగనిది ఎన్నింటిలో ఒకటి ఉంటుంది? లెక్కగట్టండి.
4. ‘మందు వాడితే సూక్ష్మజీవి మందుకు అలవాటు పడుతుంది’ అని అంటారు. ఈ మాటలో తప్పేమిటి?

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థులు